పంటు దిగని కారు: ఇంజెక్టర్లు బాగుచేసినా తిరిగొచ్చిన జబ్బు

కోనసీమలో నేను డీజిల్ బళ్లు బాగుచేయడం మొదలుపెట్టి ఇరవై రెండేళ్లయింది. ఈ కారు నాలుగు నెలల్లో మూడుసార్లు నా షెడ్డుకి వచ్చింది, మూడుసార్లూ ఒకే కంప్లయింట్‌తో. మొదటి రెండుసార్లూ ఇంజెక్టర్లనే, అంటే సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే పార్టులనే, చూస్తూ కూర్చున్నాను. అసలు చూడాల్సింది ఎక్కడుందో మూడోసారి గానీ తెలియలేదు. తోటి మేస్త్రీలకీ, పాత డీజిల్ కారు ఇంకా నడుపుతున్నవాళ్లకీ పనికొస్తుందని మొత్తం రాస్తున్నాను. యజమాని ఒప్పుకున్న తర్వాతే రాస్తున్నాను. ఆయన పేరు, ఊరు, బండి నంబరు మాత్రం వదిలేశాను.

బండి సంగతి

2011 మోడల్ డీజిల్ సెడాన్. 1248 సీసీ, నాలుగు సిలిండర్లు, కామన్ రైల్. అంటే పంపు డీజిల్‌ని గట్టి ప్రెషర్‌తో ఒకే గొట్టంలో నింపి ఉంచుతుంది, అక్కడినుంచే నాలుగు ఇంజెక్టర్లకూ వెళ్తుంది. ఆ గొట్టాన్నే రైలు అంటాం. ఫియట్ రూపొందించిన ఈ ఇంజినే మారుతి, టాటా, ఫియట్ కార్లలో మన దేశమంతా తిరిగింది కాబట్టి సామాను రాజమండ్రిలోనో భీమవరంలోనో దొరుకుతుంది. నా దగ్గరికి వచ్చేసరికి 1,80,000 కిలోమీటర్లు దాటింది. యజమాని యాభై దాటిన ఆక్వా రైతు. సముద్రం వైపు వెనామీ రొయ్యల చెరువులున్నాయి. ఇంటికీ చెరువుల దగ్గరికీ రోజుకు నాలుగుసార్లు తిరుగుతాడు, వారానికి ఒకసారి పంటు (బళ్లను నది దాటించే పెద్ద పడవ) మీద గోదావరి దాటి కాకినాడ వైపు వెళ్తాడు.

మొదటిసారి: జులై

ఆయన చెప్పిన మొదటి మాట ఇప్పటికీ గుర్తుంది. "మేస్త్రిగారూ, ముక్తేశ్వరం రేవులో పంటు ఎక్కించి ఇంజిన్ ఆపానండి. కోటిపల్లి ఒడ్డుకొచ్చాక సెల్ఫ్ తిరుగుతోంది గానీ స్టార్ట్ అవ్వలేదు. వెనక బళ్లవాళ్లందరూ దిగి నెట్టారండి, ఆయ్."

పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటుంది. నడిచి నడిచి వేడెక్కాక ఆపితే, పావుగంట తర్వాత మొండికేస్తుంది. గంట ఆగితే మళ్లీ మామూలే. స్లో స్పీడులో టకటకమని కొడుతోంది, గట్టిగా తొక్కితే నల్లపొగ వస్తోంది. లీటరుకు 18 ఇచ్చే బండి 13కి పడిపోయింది. అంతకుముందు వేరే చోట బ్యాటరీ కొత్తది వేయించాడు, సెల్ఫ్ మోటారు బాగుచేయించాడు, డీజిల్ ఫిల్టర్ మార్పించాడు, ట్యాంకులో ఇంజెక్టర్ క్లీనర్ సీసా కూడా పోయించాడు. ఏదీ పనిచేయలేదు.

చల్లగా ఉన్నప్పుడు బాగుండి వేడిమీద మొండికేసే డీజిల్ కారు చాలావరకు తన జబ్బు తనే చెప్పేస్తుంది. ఇంజెక్టర్ పైభాగంలో చిన్న గది ఒకటి ఉంటుంది. రైలు నుంచి వచ్చే ప్రెషర్ ఆ గదిలో నిండి సూదిని కిందికి అదిమి పెడుతుంది. సోలెనాయిడ్‌కి (కరెంట్‌తో పనిచేసే అయస్కాంతానికి) కరెంట్ అందగానే ఆవగింజంత బంతి ఒకటి పైకి లేచి, గదిలోని డీజిల్‌ని రిటర్న్ పైపులోకి వదిలేస్తుంది. గదిలో ప్రెషర్ పడిపోగానే సూది లేస్తుంది, కింద నాజిల్ కొడుతుంది. ఆ బంతి కూర్చునే సీటు అరిగితే కరెంట్ లేనప్పుడు కూడా డీజిల్ వెనక్కి కారిపోతూనే ఉంటుంది. వేడెక్కిన డీజిల్ పలచన, కాబట్టి ఇంకా ఎక్కువ కారుతుంది. ఇంజిన్ ఆపిన తర్వాత బానెట్ కింద వేడి కాసేపు పెరుగుతుందే తప్ప తగ్గదు. పంటు మీద గడిచే సమయం సరిగ్గా అదే.

స్కానర్ పెడితే రైలు ప్రెషర్ తక్కువన్న కోడ్ కనిపించింది. చల్లగా ఉన్నప్పుడు సెల్ఫ్ కొడితే 260 బార్ (ప్రెషర్ కొలత) దాకా ఎక్కుతోంది. వేడిమీద 110, 130 దగ్గర ఆగిపోతోంది. ఈ తరం ఇంజిన్లలో దాదాపు 200 బార్ చేరితే గానీ ఈసీఎం (ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్) ఇంజెక్టర్లను తెరవనివ్వదు.

ప్రెషర్ ఎక్కడం లేదంటే తప్పు పంపుదైనా కావచ్చు, రైలు వాల్వుదైనా కావచ్చు, ఇంజెక్టర్లదైనా కావచ్చు. చాలా షెడ్లలో ఇక్కడే పంపు విప్పేస్తారు. అది ఖరీదైన పని, తొందరపడకూడదు. రైలు నుంచి ఇంజెక్టర్లకు వెళ్లే నాలుగు దారులనీ డమ్మీ నట్లతో మూసి సెల్ఫ్ కొట్టాను. మూడు సెకన్లలో వెయ్యి బార్ దాటింది. అంటే పంపూ రైలు వాల్వూ బాగానే ఉన్నాయి. తర్వాత నాలుగు ఇంజెక్టర్ల రిటర్న్‌లకూ సన్న పైపులతో నాలుగు సీసాలు కట్టి, వేడిమీద మూడు నిమిషాలు స్లో స్పీడులో నడిపాను. ఒకటో సీసాలో 22 మి.లీ., రెండోదాంట్లో 24, మూడోదాంట్లో 70, నాలుగోదాంట్లో 52.

ఇక్కడ ఒక్క మాట చెప్పకుండా ముందుకు పోలేను. పాత డీజిల్ ఇంజిన్లలో ఏ సిలిండర్ కొట్టడం లేదో తెలుసుకోవడానికి, నడుస్తుండగానే ఒక్కో పైపు నట్టు వదులు చేసి చూసేవాళ్లం. నా గురువుగారు నాకు నేర్పింది కూడా అదే. కామన్ రైల్ ఇంజిన్ మీద దయచేసి ఆ పని చేయకండి. స్లో స్పీడులోనే రెండు మూడు వందల బార్లు ఉంటుంది, తొక్కితే వెయ్యి దాటిపోతుంది. ఆ ధార చర్మాన్ని చీల్చుకుని కండలోకి డీజిల్‌ని ఎక్కించేస్తుంది. బయటికి చూస్తే సూది గుచ్చినంత గాయమే, కానీ చేతినే తీసేయాల్సిన పరిస్థితి రావచ్చు. అలాంటిది జరిగితే కట్టుకట్టుకుని ఇంటికి పోకుండా నేరుగా పెద్దాసుపత్రికి పరుగెత్తాలి.

ఇంజెక్టర్లు విప్పి డీజిల్ పంపుల షాపులో టెస్ట్ బెంచ్ మీద పెట్టించాను. అన్ని నాజిళ్లకూ మసి పట్టింది, 3, 4 స్ప్రే సరిగా లేదు, లీకు ఎక్కువ. షాపాయన స్లిప్పు మీద రాసిచ్చాడు: "3, 4 బాల్ సీటు అరిగింది, తుప్పు చుక్కలు." ఆ చివరి రెండు మాటలూ నేను చదివాను. చదివి స్లిప్పు జేబులో పెట్టుకున్నాను.

మా ముందు మూడు దారులున్నాయి. ఒకటి, అల్ట్రాసోనిక్ క్లీనింగ్, అంటే చెవికి వినపడని ధ్వని తరంగాలతో మసి వదిలించడం. నాలుగింటికీ కలిపి మూడు వేల లోపు. రెండు, పాడైన వాటికి వాల్వ్ సెట్ (ఆ బంతి సీటు ఉండే భాగం), నాజిల్ మార్చడం. ఒక్కోదానికి ఆరేడు వేలు. మూడు, కొత్త ఇంజెక్టర్లు. దానికి రెట్టింపు పైనే. రైతు ముఖం చూస్తే ఆ పంటకి కౌంట్ (కిలోకి తూగే రొయ్యల సంఖ్య) సరిగా రాలేదని తెలిసిపోతోంది. "పాత బండికి అంత పెట్టలేనండి, శుభ్రం చేయించి చూడండి" అన్నాడు. నేను సరేనన్నాను.

ఆ 'సరే' అనడం నాది తప్పు. మసి పడితే శుభ్రం చేయొచ్చు, అరిగిన ఇనుము క్లీనింగ్‌తో తిరిగి రాదు. ఈ సంగతి నాకు తెలియనిది కాదు. అయినా క్లీనింగ్ తర్వాత బెంచ్ మీద స్ప్రే పొగమంచులా పడుతుంటే, లీకు కూడా కొద్దిగా తగ్గినట్టు కనిపిస్తే, ఇక చాలనుకున్నాను. కారుకి బిగించాక టకటక పోయింది, పొగ పోయింది. వేడిమీద రెండుసార్లు ఆపి స్టార్ట్ చేశాను, అందుకుంది. స్లో స్పీడు బాగుపడేసరికి అసలు జబ్బు తగ్గిందని నమ్మాను. నిజానికి క్లీనింగ్ బాగుచేసింది నాజిల్‌ని. పంటు మీద బండిని ఆపుతున్నది బాల్ సీటు.

ఎంపీఎఫ్ఐ (ఒక్కో సిలిండర్‌కి ఒక్కో పెట్రోల్ ఇంజెక్టర్ ఉండే) కార్లకి ఈ లెక్క వర్తించదు. అక్కడ ఇంజెక్టర్ దగ్గర ప్రెషర్ మూడు బార్ల చుట్టూ ఉంటుంది. ఎక్కువ రోజులు కదలకుండా ఉన్న పాత కారులో జిగురు పేరుకోవడమే పెద్ద జబ్బు. వాటికి క్లీనింగ్ నిజంగా మందులాగా పనిచేస్తుంది. మసి, జిగురు అయితే క్లీనింగ్. రిటర్న్ లీకు అయితే పార్టు మార్చాల్సిందే.

రెండోసారి: ఆగస్టు

ఐదు వారాలకి ఫోను వచ్చింది. ఈసారి బండి ఆగింది రేవులో కాదు, పెళ్లి మండపం ముందు. సీసాల పరీక్ష మళ్లీ పెడితే 3, 4 యథాస్థానానికి వచ్చేశాయి. ఈసారి బేరం పెట్టనివ్వలేదు. రెండింటికీ వాల్వ్ సెట్లు, నాజిళ్లు మార్పించాను. ఇంజెక్టర్ కొనకి వేసే రాగి వాషర్లు కొత్తవి వేశాను. హెడ్‌లో ఇంజెక్టర్ కూర్చునే చోటు బ్రష్‌తో రుద్ది, మసి లేకుండా తుడిచాను. పాత వాషర్ మళ్లీ వాడితే కొన్ని వారాలకే చుఫ్‌చుఫ్‌మని గ్యాస్ లీకై, తారులాంటి మసి కమ్మేస్తుంది. తర్వాత ఇంజెక్టర్ తీయాలంటే నరకమే. బెంచ్ మీద కొత్తగా వచ్చిన కోడ్‌లను స్కానర్‌తో ఎక్కించాను. ఇద్దరు మనుషుల చెయ్యి ఒకేలా ఉండనట్టే రెండు ఇంజెక్టర్ల కొలతా ఒకేలా ఉండదు. ఆ తేడా ఎంతో ఈసీఎంకి చెప్పేది ఆ కోడే.

ఫిల్టర్ కూడా మార్చాను. పాత ఫిల్టర్‌ని అందులో ఉన్నదానితో సహా వేస్ట్ ఆయిల్ డబ్బాలో పడేశాను. ఒక్క గాజు సీసాలోకి వంపి చూసి ఉంటే ఈ కేసు అక్కడితో ముగిసేది.

ఎందుకైనా మంచిదని అడిగాను: "డీజిల్ ఎక్కడ కొట్టిస్తారండి?"

"బంకులోనేనండి" అన్నాడు. జాబ్ కార్డులో టిక్కు పెట్టుకున్నాను.

మూడోసారి: అక్టోబరు చివర

నాలుగు వేల కిలోమీటర్లు నడిచాక మళ్లీ అదే. ఈసారి సీసాలు చూసి నాకు భయం వేసింది. 3, 4 లీకు మళ్లీ పెరిగింది. అంతవరకూ బాగున్న ఒకటి, రెండు కూడా 50 దాటాయి. కొత్తగా వేసిన వాల్వ్ సెట్ లక్ష కిలోమీటర్లు పోవాలి. రెండున్నర నెలల్లో పోయిందంటే ఇంజెక్టర్‌ని తప్పుపట్టి లాభం లేదు, దానిలోంచి ఏం పోతోందో చూడాలి.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పాత జేబు స్లిప్పు వెతికి తీశాను. తుప్పు చుక్కలు. మట్టి వల్ల అరిగితే సీటు మీద గీతలు పడతాయి. చుక్కలు పడ్డాయంటే అక్కడ నీళ్లు కూర్చున్నాయని అర్థం. జులైలోనే కాగితం మీద రాసిచ్చిన సమాధానం అది.

పొద్దున్నే ఫిల్టర్ అడుగున డ్రెయిన్ వదిలి గాజు సీసాలో పట్టాను. దాదాపు 150 మి.లీ. నీళ్లు. నీటికీ డీజిల్‌కీ మధ్య నల్లటి జిగట పొర. డీజిల్, నీళ్లు కలిసే చోట సూక్ష్మజీవులు పెరిగి కట్టే పొర అది. ఫిల్టర్‌ని హాక్సాతో కోస్తే ఇనుపరజను పడి మోసపోతామని పైపు కట్టర్‌తో కోశాను. కాగితం మడతల్లో తుప్పు రంగు బురద ఉంది. లోహపు మెరుపు లేదు. దానికి మాత్రం దేవుడికి దండం పెట్టాను. మెరుపు ఉంటే పంపు లోపల అరిగిపోయినట్టే, అప్పుడు రైలు దాకా అన్నీ మార్చాల్సి వచ్చేది. ఫిల్టర్ కింద నీటి సెన్సర్ కనెక్టర్ ఊడి వేలాడుతోంది. నా కంటే ముందు ఎవరో ఫిల్టర్ మార్చినప్పుడు వదిలేసి ఉంటారు. అయినా ఆగస్టులో నేను కూడా చూడలేదు. డ్యాష్‌బోర్డులో లైటు వెలగలేదు కాబట్టి నీళ్లు లేవనుకున్నాను.

రైతుని కూర్చోబెట్టి మళ్లీ అడిగాను. ఈసారి ప్రశ్న మార్చాను. "బంకు గన్ను నుంచి మీ కారు ట్యాంకు దాకా డీజిల్ ఏ దారిన వస్తుందో మొదటి నుంచి చెప్పండి."

అప్పుడు చెప్పాడు. చెరువుల మీద నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు రాత్రంతా తిరగాలి, లేకపోతే తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ పడిపోయి రొయ్యలు తేలిపోతాయి. కరెంటు పోతే జనరేటరే దిక్కు. అందుకని యానాం నుంచి డ్రమ్ములతో డీజిల్ తెచ్చి పెట్టుకుంటాడు. పుదుచ్చేరి పన్ను వేరు కాబట్టి అక్కడ లీటరు మన రేటుకంటే తక్కువ. చెరువు దగ్గరున్నప్పుడు కారు ట్యాంకు తగ్గితే ఆ డ్రమ్ములోంచే రెండు బకెట్లు పోస్తాడు. ఆగస్టులో ఆయన అబద్ధం చెప్పలేదు. డీజిల్ బంకులోదే. నేనే సగం ప్రశ్న అడిగి వదిలేశాను.

చెరువు గట్టు మీద

మర్నాడు నేనే వెళ్లాను. రాత్రి వాన కురిసింది. జనరేటర్ షెడ్డు పక్కన, ఆరుబయట, రెండు డ్రమ్ములు నిలువుగా నిలబెట్టి ఉన్నాయి. మూతల అంచుల మధ్య వాననీరు నిలిచి ఉంది, బిరడాల మీదుగా. బిరడాలు బిగించే ఉన్నాయి.

"మూత వేసే ఉందిగదండి, నీళ్లెలా పోతాయి?" అన్నాడు.

పగలు ఎండకి డ్రమ్ములోని గాలి వేడెక్కి ఉబ్బుతుంది, బిరడా మరల సందుల్లోంచి కొంత బయటికి పోతుంది. రాత్రి చల్లబడ్డప్పుడు లోపల గాలి కుంచించుకుపోయి బయటినుంచి లాగుతుంది. అప్పుడు బిరడా మీద నీళ్లుంటే గాలికి బదులు ఆ నీళ్లనే లాగుతుంది. రోజుకి రవ్వంతే. వానాకాలం అంతా అలా జరిగితే లీటర్లు అవుతుంది. పైగా డ్రమ్ము సగం ఖాళీగా ఉంటే లోపలి తేమ గాలి కూడా రాత్రి చెమరుస్తుంది. సముద్రం పక్కన గాలిలో తేమకి కొదవేముంది?

బంకుల్లో ట్యాంకు అడుగున నీళ్లు చూడటానికి వాడే పేస్టు ఒక బంకు నుంచి అడిగి తెచ్చుకున్నాను. కర్రకి రాసి డ్రమ్ము అడుగు దాకా దించితే నాలుగు వేళ్ల ఎత్తున రంగు మారింది. బకెట్, గరాటు జింకు పూత రేకువి. ఆ బకెట్‌తోనే అప్పుడప్పుడు చెరువు నీళ్లు కూడా తోడతారని పనివాడు చెప్పాడు. అంటే డీజిల్‌లోకి ఉప్పునీటి తడి కూడా పోతోంది. జింకు సంగతి చాలామందికి తెలియదు. డీజిల్ జింకుని కొద్దికొద్దిగా కరిగించుకుంటుంది, అది నాజిల్ రంధ్రాల దగ్గర పేరుకుంటుంది. నాజిళ్లకు మసి త్వరగా పట్టించి పరీక్షించాలంటే ప్రయోగశాలల్లో డీజిల్‌లో కావాలనే రవ్వంత జింకు కలుపుతారు. నాలుగు నాజిళ్లకీ అంత మసి ఎందుకు పట్టిందో నాకు అప్పుడు అర్థమైంది.

రైతుకి ఇంకా ఒక అనుమానం ఉంది, న్యాయమైనదే. "ఇదే డీజిల్‌తో జనరేటర్ ఎనిమిదేళ్లుగా తిరుగుతోందండి. దానికి లేని జబ్బు కారుకెందుకు?"

ఆయన జనరేటర్ పాతకాలపు మెకానికల్ పంపుది. దాని నాజిల్ రెండొందల బార్ దగ్గర తెరుచుకుంటుంది, కొట్టి ఊరుకుంటుంది. కారు రైలులో ప్రెషర్ దానికి ఆరేడు రెట్లు. ఇంజెక్టర్‌లో సూదికీ దాని గొట్టానికీ మధ్య సందు రెండు మూడు మైక్రాన్లు. తల వెంట్రుక మందం సుమారు డెబ్బై. ఆ సందులో డీజిల్ పొరే నూనె. ఆ పొరలో నీటి చుక్క వస్తే ఇనుము ఇనుముని రాసుకుంటుంది, రాత్రి బండి ఆగి ఉన్నప్పుడు అక్కడే తుప్పు పడుతుంది. జనరేటర్ ఓర్చుకుంటోందంటే డీజిల్ మంచిదని అర్థం కాదని చెప్పాను. సీసాలో మూడు పొరలు చూపించాక ఆయన ఇంకేం అడగలేదు. చాలాసేపు సీసా వైపే చూస్తూ ఉండిపోయాడు.

పనిచేసిన పని

ఇంజెక్టర్లు ముట్టుకోకముందే ట్యాంకు దింపి కడిగాం. పైపులన్నీ శుభ్రమైన డీజిల్‌తో తోశాం. రైలు విప్పి కడిగాం. ఈ క్రమం ముఖ్యం. ట్యాంకులో ఒక్క గ్లాసు నీళ్లు మిగిలినా కొత్త పార్టులు మళ్లీ దానికే బలి. బెంచ్ దగ్గర మూడో ఇంజెక్టర్ లోపలి గొట్టంలోనే తుప్పు గుంటలు కనిపించాయి. దానికి వాల్వ్ సెట్ వేసి ప్రయోజనం లేదు, కొత్తదే వేశాం. మిగతా మూడింటికి వాల్వ్ సెట్లు, నాజిళ్లు మార్చాం. హై ప్రెషర్ పైపులు కొత్తవి, వాషర్లు కొత్తవి, ఫిల్టర్ నీటి సెన్సర్ సాకెట్ ఉన్న రకం; దానికి కనెక్టర్ పెట్టి లైటు పనిచేస్తోందో లేదో చూసి మరీ మూశాను. నాలుగు కోడ్‌లూ ఎక్కించాను. రెండోసారి నేను చేసిన పనికి కూలీ తీసుకోలేదు. తీసుకోకూడదనిపించింది.

చెరువు దగ్గర మార్పులు ఇంకా తేలిక. కారుకి బంకు గన్నుతోనే, డ్రమ్ము నుంచి ఒక్క చుక్క కూడా వద్దు. డ్రమ్ములు రేకుల షెడ్డు కిందికి మార్చి, పడుకోబెట్టారు. రెండు బిరడాలూ గడియారంలో మూడు, తొమ్మిది అంకెలున్న చోట వచ్చేలా, డీజిల్ మట్టానికి కింద ఉండేలా. అప్పుడు బిరడా బయట నీళ్లు నిలవవు, లోపల గాలి దాన్ని తాకదు. జింకు బకెట్ చెరువుకే వదిలేశారు. జనరేటర్‌కి ముందు గాజు గిన్నె ఉన్న వాటర్ సెపరేటర్ పెట్టించాను. అడుగున నీళ్లు చేరితే పనివాడికే కనిపిస్తాయి, ఎవరూ చెప్పనక్కర్లేదు.

పద్నాలుగు నెలల తర్వాత

22,000 కిలోమీటర్లు నడిచింది. లీటరుకు 17 ఇస్తోంది. మొదటి నెలలో ఫిల్టర్ అడుగున చెంచాడు నీళ్లు వచ్చాయి, తర్వాత రెండు వేల కిలోమీటర్లకోసారి వదిలినా ఏమీ రావడం లేదు. ఇప్పుడు నా జాబ్ కార్డులో "డీజిల్ ఎక్కడ కొట్టిస్తారు" అన్న గడి కొట్టేసి, "ట్యాంకులోకి ఏ దారిన వస్తుంది" అని రాసుకున్నాను. ఆ గడి పెట్టాక ఇంకో ఇద్దరు ఆక్వా రైతుల బళ్లలో ఇంజెక్టర్లు పాడవకముందే నీళ్లు పట్టుకున్నాను.

మొన్న వేడిమీద సీసాలు కడితే 20, 29, 19, 21 వచ్చాయి. రెండో సిలిండర్ మిగతావాటికంటే కొంచెం ఎక్కువ. పాత బాడీ కదా, లోపల ఎక్కడో ఒక చుక్క తుప్పు మిగిలే ఉంటుందని నా అనుమానం. స్టార్టింగ్‌కి ఇబ్బంది లేదు కాబట్టి ముట్టుకోలేదు. వచ్చే వానలకి ముందు, జూన్‌లో, మళ్లీ సీసాలు కడదామని రైతుకి చెప్పి ఉంచాను.